సర్దార్ కారు చూసిన విధం

మా గోదావరిఖనిలో పండుగ వస్తోందని అందరికంటే ముందు కార్లు అమ్మేవాళ్ళకి తెలుస్తుంది. దసరాకి ఇంకా నెల ఉండగానే, బోనస్ మాట ఇంకా యూనియన్ నాయకుల నోళ్ళలో నానుతుండగానే, బాయి గేటు దగ్గర టెంట్లు లేస్తాయి. బాయి అంటే మాకు బొగ్గుగని. ఫస్ట్ షిఫ్టు దిగి, మొహాల మీద నలుపుతో బయటికొచ్చే మనుషులకి ఎదురుగా టైలు కట్టుకున్న పిల్లలు నిలబడి రంగుల కాగితాలు పంచుతారు. ఆ కాగితాలు పొద్దుగూకేసరికి మిర్చి బండి దగ్గరికి చేరతాయి. కారు బొమ్మలో చుట్టిన బజ్జీలు నేను చాలా తిన్నాను. చిన్నప్పుడు అంతకంటే దగ్గరగా కారును ఎప్పుడూ చూడలేదు.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ళ ముందు, ఒక దసరాకి మేమూ కారు కొనాలనుకున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. ఆదివారం చర్చికి స్కూటర్ మీద పోవాలంటే ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ప్రభువును గట్టిగా పిలిచేది. నెలకోసారి మందమర్రిలో అమ్మమ్మను చూడడానికి బస్సులో పోయి వస్తే రెండు రోజులు మంచం దిగేది కాదు. "ఇగ బండి కొందాం" అని బాపు ఒకనాడు అన్నం తింటూ అన్నాడు. ఎవరు నడుపుతారని ఎవరూ అడగలేదు. మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు కదా, అన్న నడుపుతాడు. ఆ సంగతి మాట్లాడకుండానే తేలిపోయింది.

నాకు మాత్రం నేను నడపాలని ఉండేది.

డిగ్రీ అయిపోయిన ఎండాకాలం నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. బాపే ఫీజు కట్టాడు. "నేర్చుకో, ఏదన్న ఒకనాడు పనికొస్తది" అన్నాడు. టైపు నేర్చుకున్నప్పుడూ అదే మాట అన్నాడు, కుట్టు మిషన్ నేర్చుకున్నప్పుడూ అదే. లైసెన్సు వచ్చింది, అల్మారాలో పుస్తకాల మధ్య పెట్టాను, అంతే. మా క్వార్టర్ల లైన్లో స్కూటీ నడిపే ఆడవాళ్ళున్నారు గానీ కారు నడిపే ఆడవాళ్ళు లేరు. వద్దని ఎవరైనా అంటే కనీసం అలగడానికి ఉండేది. ఎవరూ వద్దనలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. నాకేమో నోరు తెరిచి అడిగే అలవాటు లేదు. ఏది చెప్పాలన్నా డైరీలో చెప్పుకునేదాన్ని, డైరీ ఎవరికీ చెప్పేది కాదు.

కారు ముచ్చటకి ముందు మా బాపు సంగతి చెప్పాలి. ఆయన బాయిలో సర్దార్. షిఫ్టు మనుషులు లోపలికి పోకముందే తాను ముందుగా పోయి పని జాగా చూసి రావడం సర్దార్ డ్యూటీ. కర్రతో పైకప్పును తట్టి చెవి పెడతాడు. గట్టి చప్పుడు వస్తే మంచిది, డొల్ల చప్పుడు వస్తే పైన బండ పొర విడిచిందని. గాలి ఆడుతోందా చూస్తాడు. పోయే దారి ఒకటి, అది మూసుకుపోతే బయటపడే దారి ఇంకొకటి, రెండూ తెరిచి ఉన్నాయా చూస్తాడు. అన్నీ సరిగా ఉంటే సుద్దముక్కతో అక్కడ తేదీ వేసి పొట్టి సంతకం పెడతాడు. అప్పుడు గానీ మిగతావాళ్ళు అడుగు పెట్టరు. సరిగా లేకపోతే పెద్ద ఇంటూ గుర్తు గీస్తాడు. ఆ గుర్తును ఆఫీసరైనా దాటడు.

ఇన్నేళ్ళు ఆ పని చేసిన మనిషి బయట ఊరుకుంటాడా? మాకు కొత్త క్వార్టర్ ఇచ్చినప్పుడు చర్చి అయ్యగారు బైబిలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటే, బాపు చీపురు కర్రతో ప్రతి గదిలో పైకప్పు తట్టి వచ్చి, "ఇగ రాండ్రి అయ్యగారూ" అన్నాడు. పెళ్ళిళ్ళకు పోతే పందిరి గుంజలు ఊపి చూస్తాడు. చర్చిలో ఎప్పుడూ పక్క తలుపు దగ్గరే కూర్చుంటాడు. "దేవుని దగ్గర గూడ నీకు రెండో దారి కావాల్నా?" అని అమ్మ అడుగుతుంది. ఆయన నవ్వడు. "దేవుడు మంచోడే, తలుపు కట్టినోడు ఎసొంటోడో" అంటాడు. ఆయన చొక్కా జేబులన్నీ సుద్దపొడి. మిగతా ఇళ్ళలో బట్టలకు బొగ్గు మరకలు పోవడం లేదని బాధపడతారేమో, మా అమ్మ తెల్ల మరకల గురించి బాధపడేది.

మేము మొదట కరీంనగర్ పోయాం. అక్కడ పెద్ద షోరూం, అద్దాల గోడలు, లోపల చలి. మమ్మల్ని చూసి ఒక సేల్స్‌మన్ పరుగున వచ్చాడు. నున్నగా దువ్విన తల, మెడలో టై, మాటల్లో చక్కెర. బాపును సార్ అన్నాడు, అమ్మను మేడమ్ అన్నాడు, అన్నను బాస్ అన్నాడు. నా చేతిలో ఒక అట్ట పెట్టాడు. దాని మీద వేలిగోరంత రంగుల గడులు.

"మేడమ్, మీరు కలర్ సెలెక్ట్ చెయ్యండి" అన్నాడు.

ఇంజన్ సంగతి అన్నకి, సీట్ల సంగతి అమ్మకి, కిస్తీల సంగతి బాపుకి. రంగు నాకు. అట్ట పట్టుకుని కూర్చున్నాను.

అన్న ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, డంపర్ నడుపుతాడు. ఇంటి పైకప్పంత ఎత్తులో కూర్చుని బొగ్గు మోసే బండి అది. దానికి ఎక్కడానికి నిచ్చెన ఉంటుంది. కారు దగ్గరికి పోయి ఒక్క క్షణం అలవాటుగా తల పైకెత్తాడు, తరవాత కిందికి వంగాడు. "ఇందులకు ఎక్కుడా, దిగుడా?" అన్నాడు. సేల్స్‌మన్ నవ్వి తాళం చెవి ఇచ్చి, కొంచెం వెనక్కి తీసి చూడమన్నాడు. డంపర్ ముందుకు పోవాలంటే రెండు హారన్లు, వెనక్కి పోవాలంటే మూడు హారన్లు కొట్టాలి, అది రూలు. అన్న ఆ అద్దాల గోడల మధ్య మూడుసార్లు గట్టిగా హారన్ కొట్టాడు. కాఫీలు తెస్తున్న అమ్మాయి ట్రే వదిలేసినంత పని చేసింది.

"బాస్, లోపల హారన్ అవసరం లేదు" అన్నాడు సేల్స్‌మన్.

"నీకు లేదు, వెనక ఉన్నోనికి ఉంటది" అన్నాడు అన్న.

ఈలోపు బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద చూశాడు. తరవాత వేలి కణుపులతో కారు పైకప్పును తట్టాడు. చెవి పెట్టాడు. ఇంకోచోట తట్టాడు. ముఖం మారిపోయింది.

"డొల్ల చప్పుడొస్తంది."

సేల్స్‌మన్‌కి అర్థం కాలేదు. "సార్?"

"పైకప్పు డొల్ల ఉన్నది."

"సార్, కారన్నాక డొల్లగనే ఉంటది సార్. లోపల మనుషులు కూసోవాలె కదా?"

"లోపల మనుషులు కూసుంటరనే కొట్టి చూసేది."

ఆ పిల్లవాడు సేఫ్టీ గురించి చాలా చెప్పాడు. గుద్దుకుంటే ఏమవుతుందో చెప్పాడు, బోల్తా పడితే ఏమవుతుందో చెప్పాడు. బండి కొనకముందే అన్నిసార్లు గుద్దించి బోల్తా కొట్టించాడని అమ్మ తిరిగొచ్చే దారిలో విసుక్కుంది. బాపు అన్నీ విన్నాడు. విని, మర్యాదగా తలూపి, జేబులోంచి సుద్దముక్క తీసి కారు ముందరి అద్దం మీద ఇంత పెద్ద ఇంటూ గీశాడు. అది కోపం కాదు. డ్యూటీ. వెనక వచ్చేవాళ్ళకి చెప్పకుండా పోవడం తప్పు.

సేల్స్‌మన్ జేబురుమాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఈలోపే పక్కన అదే కారు చూస్తున్న భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ అడగకుండా, ఇంకో కారు వైపు జరిగారు. నేను చేతిలోని అట్టను మెల్లగా టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

ఆ తరవాత దగ్గరి ఊరి షోరూం సేల్స్‌మన్ మా ఇంటికే వచ్చాడు. వచ్చాడు అనడం తక్కువే, మా ఇంటికి అలవాటు పడ్డాడు. లావుపాటి మనిషి, గుండ్రటి మొహం. చెమటకి టై ఎప్పుడూ మెడకి అతుక్కుని ఉండేది. కరీంనగర్ పిల్లవాడి కంటే ఇతను తెలివైనవాడు. సార్ అనలేదు. మొదటి రోజే బాపును కాక అన్నాడు, అమ్మను చిన్నమ్మ అన్నాడు, నన్ను చెల్లె అన్నాడు. బాపు షిఫ్టులు బాపు కంటే అతనికే బాగా తెలిసేవి. "వచ్చే వారం కాకకు సెకండ్ షిఫ్టు కదా, పొద్దున్నే వస్త" అని పోయేవాడు. అమ్మ అతనికి చాయ్ పోస్తూ, "కారు గురించి చెప్పు బిడ్డా" అనేది. అతను మాత్రం ముందు మోకాళ్ళ గురించి అడిగేవాడు.

ఎవరికి ఏది కావాలో కనిపెట్టి దాన్ని కారులో చూపించడం అతని విద్య. అన్నతో, "హారన్ ఎంత గట్టిగుంటదో అన్నా, డంపర్ ఆగిపోవాలె" అన్నాడు. అమ్మతో, "లోపల పైన చిన్న లైటుంటది చిన్నమ్మా, దారి పొడుగూత బైబిలు వాక్యం చదువుకోవచ్చు" అన్నాడు. "నంబర్ ప్లేటు మీద టీజీ అని మేమే రాపిచ్చి ఇస్తం కాక, ఫ్రీ" అని బాపుతో అన్నాడు. అప్పట్లో ఏపీ నంబర్ల మీద టీజీ అని రంగేసుకోవడం ఊరంతా ఉండేది.

"డెలివరీ నాడు కొబ్బరికాయ, నిమ్మకాయలు గూడ మావే చిన్నమ్మా. ఒక్కో టైరు కింద ఒక్కోటి."

"మాకు నిమ్మకాయలొద్దు బిడ్డా. మా అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తరు."

"చెయ్యనీ చిన్నమ్మా, చెయ్యనీ. ప్రార్థనకు గూడ డిస్కౌంట్ ఏం అడుగం" అన్నాడు. అమ్మ ముందు ఉరిమి చూసింది, తరవాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తెలిసి ఆ రోజే అమ్మ కారు కొనేసింది.

ఇక నాకు. నాకు రంగుల అట్టే. ప్రతిసారీ వచ్చీ రాగానే అది నా చేతిలో పెట్టేవాడు. "చెల్లె, ఈసారన్న ఫైనల్ చెయ్యి." నేను అట్ట చూసేదాన్ని. "ఏదైనా సరే" అనేదాన్ని. "మన చెల్లె చానా సాఫ్ట్ కాక" అని బాపుతో మెచ్చుకునేవాడు. ఆ రాత్రి డైరీలో అతన్ని చాలా గట్టిగా తిట్టేదాన్ని. సాఫ్ట్ అట. గేర్లు ఎన్ని ఉన్నాయో నన్ను అడుగు. క్లచ్ ఎంత బిగువో అడుగు. స్టీరింగు చేతికి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడమను. అతను పొద్దున్నే మళ్ళీ వచ్చి రంగు అడిగేవాడు. నేను మళ్ళీ ఏదైనా సరే అనేదాన్ని.

చివరికి ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, అతను డెమో కారు తీసుకుని మా లైన్లోకి వచ్చాడు. తెల్ల కారు. పిల్లలు వెంట పరిగెత్తుకుంటూ వచ్చారు, పక్క క్వార్టర్ల వాళ్ళు గోడల మీద మోచేతులు పెట్టుకుని నిలబడ్డారు. అన్న డ్యూటీ బూట్లతోనే వచ్చేశాడు. రామగుండం పవర్ హౌస్ వైపు నుంచి వచ్చే గాలికి అప్పుడే కారు మీద సన్నగా బూడిద పడుతోంది.

"తెల్లది వద్దనుకుంటరేమో గానీ కాక, దర్జా దర్జానే" అన్నాడు సేల్స్‌మన్.

"రెండు రోజులు ఇక్కడ పెడితే ఏ రంగైనా మా రంగే అయితది" అన్నాడు బాపు. అని, చొక్కా చేతులు మడిచాడు.

కరీంనగర్ ముచ్చట అమ్మ ఇతనికి ముందే చెప్పేసింది. అందుకని తయారై వచ్చాడు. "పైకప్పు కొట్టి చూడు కాక, నేను లోపల కూసుంటా, నాకు భయం లేదు" అని వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. బాపు తట్టాడు. చెవి పెట్టాడు. ఇంకోచోట తట్టాడు.

"ఇది జర గట్టిగనే ఉంది" అన్నాడు.

నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. లోపల సేల్స్‌మన్ రెండు అరచేతులూ పైకెత్తి, మొహం ఎర్రబడేలా పైకప్పును నెట్టి పట్టుకుని ఉన్నాడు. బాపు చెయ్యి బయట ఎటు జరిగితే అతని చేతులు లోపల అటు జరుగుతున్నాయి. నేను పెదవి కొరుక్కున్నాను. బాపుకి నా మొహం చూస్తే తెలిసిపోతుంది. వంగి కిటికీలోంచి చూశాడు. సేల్స్‌మన్ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. దించాలో వద్దో అతనికి తోచలేదు.

"బాయిల పైకప్పుకు సపోర్టు పెట్టినట్టు కూసున్నవు కదా బిడ్డా" అన్నాడు బాపు. "బండి కొన్నంక నువ్వు గూడ మా ఇంట్లనే ఉంటవా?"

గోడల మీద మోచేతులు పెట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. బాపు చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. సేల్స్‌మన్‌కి ఆ జేబు సంగతి తెలుసు. "కాక, కాక, ఆగు" అన్నాడు. "పైకప్పు అన్ని కార్లకూ గిట్లనే ఉంటది, నా మీద ఒట్టు. వేరే ఏదన్న అడుగు. ఏదడిగితే అది చూపిస్త."

బాపు ఆలోచించాడు. "రెండో దారి ఏది?"

"నాలుగు తలుపులున్నయి కాక!"

"నాలుగూ పక్కలకే ఉన్నయి. పక్కలు మూసుకపోతే?"

"వెనక డిక్కీ తలుపు లేదా? గింత పెద్దది. అందులకెళ్ళి బయటపడొచ్చు."

"చూపి."

పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రంలో అతను సీటు మీది నుంచి వెనక్కి దూకాడు. దూకాడు అనకూడదు, దొర్లాడు. ముందు తల పోయింది, తరవాత కడుపు కాసేపు ఆగింది, తరవాత అదీ పోయింది. బాపు తలుపులన్నీ మూసేశాడు. మేమందరం కారు వెనక్కి పోయి, డిక్కీ ముందు నిలబడి ఎదురుచూశాం.

డిక్కీ తెరుచుకోలేదు. అద్దంలోంచి అతను కనిపిస్తున్నాడు. తలుపు లోపలివైపు అంతా తడిమాడు. అటు పిడి లేదు. బయటినుంచి తెరిచే తలుపు లోపల ఉన్నవాడికి గోడే అని అతనికి ఆ రోజే తెలిసినట్టుంది. తిరిగి సీటు మీదికి రాబోయాడు, టై కొస సీటు కొక్కెంలో ఇరుక్కుంది. ఏదో అరిచాడు, అద్దాలు మూసి ఉన్నాయి, మాకు పెదాలే కనిపించాయి. చేత్తో కిందికి, ముందుకు, మళ్ళీ కిందికి చూపించాడు.

"ఏమంటుండు?" అన్నాడు బాపు.

"దాహమైతుందట" అన్నాడు అన్న.

"కాదు, మోకాళ్ళ మీద కూసున్నడు. ప్రార్థన చేస్తుండు" అంది అమ్మ. "పిలగాడు ఎండల ఉడికిపోతుండు, తలుపు తియ్యుండ్రి."

"ముట్టద్దు" అన్నాడు బాపు. "దారి ఉన్నదన్నడు కదా, రానీ."

అతను దేన్ని చూపిస్తున్నాడో నాకు తెలుసు. డ్రైవింగ్ స్కూల్లో నేను నేర్చుకున్నది ఇదే కంపెనీ పాత బండి. డ్రైవర్ సీటు పక్కన, కింద, కుడిచేతి వైపు ఒక చిన్న లాగుడు పుల్ల ఉంటుంది. లాగితే డిక్కీ తెరుచుకుంటుంది. స్కూల్లో ఒకసారి పొరపాటున దాన్ని లాగి, తెరుచుకున్న డిక్కీతో బజారు సగం తిరిగొచ్చిన దాన్ని నేను.

చెబుదామనుకున్నాను. అంతమంది ముందు మాట్లాడడం కంటే నడవడం తేలిక అనిపించింది. ముందు తలుపు తెరిచి, డ్రైవర్ సీట్లో కూర్చుని, కిందికి చెయ్యి పెట్టి లాగాను. వెనక టప్పుమని చప్పుడైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సేల్స్‌మన్ టై అక్కడే వదిలేసి, తుఫానులోంచి ఒడ్డున పడ్డవాడిలాగ దిగాడు. అమ్మ నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది.

బాపు కిటికీ దగ్గరికి వచ్చాడు. "నీకెట్ల ఎరుక?"

"నేర్చుకున్న కదా బాపు."

ఆయన నన్ను చూశాడు. కొన్న వస్తువు ఇంట్లో ఎక్కడ పెట్టామో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలాగ చూశాడు.

ఈలోపు అన్న వచ్చి తలుపు పట్టుకున్నాడు. "దిగు చెల్లె, ఒక రౌండు వేసొస్త."

దిగాలి. ఇంకెప్పుడైనా అయితే దిగేదాన్నే. చేతులు మాత్రం స్టీరింగు మీద ఉన్నాయి. అవి ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. స్టీరింగు ఎండకి వేడిగా ఉంది. అందరూ నేను దిగడం కోసం చూస్తున్నారు. ఒక్క సేల్స్‌మన్ తప్ప, అతను రొప్పుతున్నాడు.

"బాపు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఇంకోసారి అన్నాను. "దారి రెండుండాలె అంటవు కదా. నడిపేటోళ్ళు ఒక్కరే ఉంటే ఎట్ల? అన్నకు నైట్ షిఫ్టు పడితే అమ్మను దవాఖానకు ఎవరు తీస్కపోవాలె?"

జీవితంలో ఒక్క ఊపిరిలో అన్ని మాటలు నేను అంతకుముందు అనలేదు. అన్న తలుపు వదిలేశాడు. "అది నిజమే కాక" అన్నాడు బాపుతో. అన్న మంచివాడు, డంపర్ కాని ఏ బండి మీదా అతనికి పెద్ద మోజు లేదు.

బాపు కారు చుట్టూ తిరిగి అటువైపు తలుపు తెరిచాడు. నీళ్ళ చెంబుతో వచ్చిన అమ్మ, "నేను గూడ వస్త" అంది.

"ఆగు. ముందు నేను చూసొస్త" అన్నాడు. నా పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు. "పోనీ."

కాలనీ గ్రౌండు చుట్టూ, క్లబ్బు ముందు నుంచి, మళ్ళీ మా లైనుకి. అంతే దూరం. బాపు కుడిచెయ్యి పైకప్పుకి ఆనించి పెట్టాడు. దారి పొడుగునా దించలేదు.

"లారీ వస్తంది."

"చూసిన బాపు."

"చూసినవా. మంచిది."

క్లబ్బు ముందు స్పీడ్ బ్రేకర్ మీద బండి ఆగిపోయింది. అక్కడ అరుగు మీద ఆఫ్ డ్యూటీ మనుషులు కూర్చుని ఉన్నారు. అందరూ పేపర్లు దించారు. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగిపోయింది. బాపు కిటికీలోంచి వాళ్ళ వైపు చూసి, నింపాదిగా, "కొత్త మోటరు, జర దమ్ము తీస్కుంటంది" అన్నాడు. వాళ్ళు తలలూపారు. ఆ కారు అంతకు ముందు ఎంతమందిని తిప్పిందో మా ఇద్దరికీ తెలుసు. మూడోసారికి కదిలింది.

మా లైన్లోకి తిరిగొచ్చి ఆపాను. బాపు దిగాడు. దిగి, నా వైపు వచ్చి, చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"కాక, కాక, డెమో బండి!" అంటూ సేల్స్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఆగిపోయాడు. బాపు గీసింది ఇంటూ కాదు. నా తలుపు మీద, పిడి పక్కన, ఆ రోజు తేదీ వేశాడు. దాని కింద పొట్టి సంతకం పెట్టాడు. బాయిలో ఎన్ని వందల చోట్ల పెట్టి ఉంటాడో గానీ నేను చూడడం అదే మొదటిసారి. తెల్ల కారు మీద తెల్ల సుద్ద. సన్నగా పడ్డ బూడిద వల్ల కనిపించింది.

సేల్స్‌మన్ గొంతు తగ్గించి, "కాక, ఇది డెమో బండి. మీకు వచ్చేది వేరే బండి" అన్నాడు.

"ఎరుకే" అన్నాడు బాపు. "నేను బండికి పెట్టలే."

అమ్మ వైపు తిరిగి, "ఇగ ఎక్కు" అన్నాడు.

అమ్మ ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో బాపు భుజం పట్టుకుని, ప్రభువును ఒక్కసారి మాత్రమే పిలిచి ఎక్కింది. సేల్స్‌మన్ అలవాటు కొద్దీ రంగుల అట్ట తీసి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. దాన్నొకసారి చూసుకున్నాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, క్లచ్ ఎట్లుంది?"

ఒక్క రౌండుకే చెల్లె నుంచి అక్కనైపోయాను. అతను నాకంటే కనీసం అయిదారేళ్ళు పెద్ద.

"జర గట్టిగుంది" అన్నాను.

"సర్వీసుల చెప్పి సరిచేపిస్త అక్కా" అన్నాడు, చాలా గంభీరంగా.

అన్న కారు ముందు నిలబడి, పిల్లల్ని పక్కకు తరిమి, నాకు చేత్తో సైగ చేశాడు. "చెల్లె! ముందుకు పోవాల్నంటే రెండు హారన్లు, మర్సిపోకు."

రెండుసార్లు కొట్టాను.